కొండ మీద వంట: వీపు సంచిలో ఏ పొయ్యి, ఏ గిన్నె, నిప్పుకు ఏది?

డిసెంబరు మూడో వారంలో మీరు నలుగురు బరంపురం నుంచి కారులో బయలుదేరి, కొరాపుట్ జిల్లాలోని దేవమాలి చుట్టుపక్కల కొండల్లో మూడు రాత్రులు గడపబోతున్నామని, సామాను వీపున మోసుకుంటూ వంట కూడా మీరే చేసుకుంటామని రాశారు. కొనదలచిన వస్తువుల జాబితాలో ఒక ఫెర్రో రాడ్ (గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ), టైటానియం గిన్నెల జత, మడత పెట్టే కట్టెల పొయ్యి, చిన్న గ్యాస్ స్టవ్ ఉన్నాయి. వీటిలో ఏవి అవసరమో, ఏవి డబ్బు దండగో చెప్పమన్నారు. నేను పర్లాకిమిడి వాడిని. ఇరవై ఏళ్లకు పైగా ఏటా శీతాకాలంలో కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని మహేంద్రగిరికో, కొరాపుట్ కొండలకో వెళ్లివస్తున్నాను కనుక, నా చేతిలో పాడైన వస్తువులను కూడా లెక్కలోకి తీసుకుని ఈ సమాధానం రాస్తున్నాను.

మీ జాబితా నిప్పుతో మొదలై గిన్నెతో ముగిసింది. నేనైతే తినబోయే తిండితో మొదలుపెట్టి, దానికి తగిన గిన్నెను, ఆ గిన్నెకు తగిన పొయ్యిని, ఆ పొయ్యికి తగిన నిప్పును వరుసగా ఎంచుకుంటాను. ఏం వండాలో తేల్చుకోకుండా పొయ్యి కొన్నవాళ్లు మూడు రోజులూ నూడుల్స్ తిని, నాలుగో రోజు దారిలో కనబడిన మొదటి హోటల్లో అన్నం మీద పడటం నేను చాలాసార్లు చూశాను.

దేవమాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు. ఒడిశాలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది కనుక, అక్కడ నీరు 94, 95 డిగ్రీల దగ్గరే తెర్లిపోతుంది. టీకి, ఉప్మాకు ఈ తేడా తెలియదు కానీ కందిపప్పు మాత్రం మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది, ఆ లోపు ఇంధనమూ అయిపోతుంది. అందుచేత కందిపప్పును ఇంట్లోనే వదిలేసి, దోరగా వేయించిన పెసరపప్పును, అటుకులను, వేయించిన రవ్వను, చోడి (రాగి) పిండిని పట్టుకెళ్లండి. పెసరపప్పును, బియ్యాన్ని కలిపి అరగంట నానబెట్టి వండితే పులగం ఇరవై నిమిషాల్లో తయారవుతుంది. చోడి అంబలికైతే రాత్రి పిండి కలిపి ఉంచుకుంటే తెల్లవారి ఒక్క పొంగు చాలు. ఆ కొండల్లోని పల్లెల వాళ్లు మాండియా పేజ అని పిలుచుకుంటూ రోజంతా తాగి పనిచేసేది ఇదే. చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్లేవాళ్లూ ఉన్నారు, అది తప్పు కాదు. నలుగురికి సరిపడే కుక్కర్ కిలోన్నర దాకా తూగుతుంది కనుక, ఒకేచోట మకాం వేసేవాళ్లకు తప్ప రోజూ నడిచేవాళ్లకు నేను సలహా ఇవ్వను.

ఇక గిన్నె. టైటానియం మీద మీకున్న మోజు నాకూ ఒకప్పుడు ఉండేది. అది స్టీలు కన్నా బాగా తేలిక, తుప్పు పట్టదు, ఎన్ని దెబ్బలు తిన్నా సొట్టపడటం అరుదు. అయితే వేడిని పక్కలకు పంచే గుణం అల్యూమినియంతో పోలిస్తే దానికి పదో వంతు కూడా ఉండదు. సన్నటి మంట తగిలినచోట అన్నం మాడిపోతుంది, రెండంగుళాల పక్కన మెతుకు బిరుసుగానే ఉంటుంది. మహేంద్రగిరి మీద ఒక సాయంత్రం ఆరుగురి పులగాన్ని నేను అలాగే బలిచేశాను. గిన్నె మధ్యలో నా అరచేతి మందాన నల్లటి మాడు మిగిలింది, దాన్ని గోకడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. నీళ్లు కాచుకుని పొట్లాల తిండి మీద పోసుకునేవాళ్లకు టైటానియం మంచిదే. అన్నం వండుకునే మన జాతికి మాత్రం కాస్త మందపాటి సత్తు (అల్యూమినియం) గిన్నెను మించినది లేదు. మీరు బరంపురంలోనే పాత్రల కొట్టుకు వెళ్లి, అడుగు చదునుగా ఉండి మూత గట్టిగా కూర్చునే మూడు లీటర్ల గిన్నె ఒకటి, దాని లోపల పట్టే లీటరున్నర గిన్నె ఒకటి తూకానికి కొనుక్కోండి. చింతపండు పులుసు, టమాటా లాంటివి సత్తు గిన్నెలో గంటల తరబడి నిలవ ఉంచకూడదు కనుక, పులుపు వండాలనుకుంటే హార్డ్ ఆనోడైజ్డ్ పూత (లోహం పైపొరనే గట్టిపరిచినది) ఉన్నది తీసుకోండి. మడత పిడులున్న గిన్నెలకు ఎక్కువ డబ్బు పెట్టవద్దు. ఇంట్లో వాడే పటకారు ఒకటి సంచిలో పడేస్తే అన్ని గిన్నెలకూ అదే పిడి, పైగా కట్టెల పొయ్యి దగ్గర నిప్పుకణికను పక్కకు జరపడానికీ పనికొస్తుంది. కంచాల బదులు అడ్డాకుల విస్తళ్లు తీసుకోండి. నలుగురికి మూడు రోజులకు సరిపడే కట్ట నాలుగు స్టీలు కంచాలంత బరువు ఉండదు.

పొయ్యి విషయంలో మొదట చెప్పవలసింది వస్తువు గురించి కాదు, అనుమతి గురించి. అభయారణ్యంలో దానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం గానీ, రాజేసిన నిప్పును వదిలి వెళ్లడం గానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. రిజర్వు అడవులకూ ఇలాంటి నిషేధాలే అటవీ చట్టాల్లో ఉన్నాయి. మీరు నడిచే దారిలో ఏ ముక్క రిజర్వు అడవో, ఏది రెవెన్యూ భూమో, ఏది ఊరివాళ్ల కొండో చూపుతో చెప్పలేం కనుక, బయలుదేరే ముందు అటవీ రేంజి కార్యాలయంలో ఒకసారి, మకాం వేసే ఊళ్లో మరోసారి అడిగి తీరాలి. దేవమాలి పైభాగమంతా గడ్డి. డిసెంబరుకు అది పసుపు తిరిగి ఎండటం మొదలవుతుంది. ఆ గాలిలో, ఆ గడ్డి మధ్య కట్టెల నెగడు వేయడానికి ఎవరు అనుమతి ఇచ్చినా నేను వేయను. అదీగాక పల్లెల దగ్గర మనకు కనబడే ఎండు కట్టె ఎవరో ఒక ఆడమనిషి రేపు నెత్తిన మోసుకుపోవడానికి చూసి పెట్టుకున్నదే అయి ఉంటుంది. ఈ కారణాలన్నిటి వల్ల మీ అసలు పొయ్యి గ్యాస్ స్టవ్ కావాలి, కట్టెల పొయ్యి ఆపద్ధర్మంగానే సంచిలో ఉండాలి.

కారులో వెళ్తున్నారు కాబట్టి గ్యాస్ మాట ధైర్యంగా చెబుతున్నాను. రైలులో, విజయనగరం, రాయగడ మీదుగా వెళ్దామని చివరి నిమిషంలో మనసు మార్చుకుంటే మాత్రం గ్యాస్ డబ్బాలు, స్పిరిట్, పెట్రోలు, కిరసనాయిలు ఏవీ వెంట ఉండకూడదు. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మా జట్టులో ఒక కుర్రవాడు రెండు కొత్త డబ్బాలను స్టేషన్‌లోనే పోగొట్టుకుని, జరిమానా కూడా కట్టి వచ్చాడు.

చిన్న గ్యాస్ డబ్బాలు మన దగ్గర రెండు రకాలు దొరుకుతాయి. బల్ల మీద పెట్టుకునే స్టవ్వులకు వాడే పొడవాటి డబ్బాలో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. మర చుట్లు ఉన్న పొట్టి డబ్బాలో సాధారణంగా ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపి ఉంటాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత సున్నాకు అర డిగ్రీ మాత్రమే తక్కువ, ఐసోబ్యూటేన్‌ది మైనస్ 12 దరిదాపు, ప్రొపేన్‌ది మైనస్ 42. పొట్టంగి, సెమిలిగుడ వైపు డిసెంబరులో తెల్లవారుజామున కొన్నిసార్లు 5 డిగ్రీల దాకా దిగిపోతుంది. ఆవిరయ్యే కొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది కనుక, ఆ వేళప్పుడు ఉత్త బ్యూటేన్ డబ్బా మంట దీపం వత్తిలా కుంచించుకుపోతుంది. పొడవు డబ్బా తప్ప మరేదీ దొరకకపోతే రాత్రి దాన్ని దుప్పట్లో పెట్టుకుని పడుకోండి, పొద్దున వెలిగించే ముందు గోరువెచ్చని నీళ్లున్న గిన్నెలో కాసేపు నిలబెట్టండి. గోరువెచ్చని నీళ్లు అంటే చెయ్యి పెట్టగలిగినవే సుమా, పొయ్యి మీద కాగినవి కావు. స్టవ్ కొనేటప్పుడు దాని మూతి ఏ డబ్బాకు సరిపోతుందో కొట్టులోనే బిగించి చూసుకోండి. ఇంట్లోని పెద్ద సిలిండర్ నుంచి చిన్న డబ్బాలోకి గ్యాస్ నింపిస్తామనే వాళ్ల జోలికి పోవద్దు. ఒకసారి వాడి పారేయడానికి తయారైన డబ్బా అది, దాని మూతి గాని రేకు గాని మళ్లీ నింపడాన్ని తట్టుకుంటాయన్న భరోసా ఏమీ లేదు.

ఎన్ని డబ్బాలు కావాలో లెక్క వేసి చూద్దాం. చల్లటి నీటిని ఒక లీటరు మరిగించడానికి, మూత పెట్టి, గాలి తగలకుండా చూసుకుంటే 15 నుంచి 20 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. నలుగురికి రెండు పూటల టీ, పొద్దుటి ఉప్మా, రాత్రి పులగం కలిపి రోజుకు ఐదున్నర లీటర్ల నీళ్లు అనుకుంటే వంద గ్రాములు, ఆ పైన సన్న సెగ మీద ఉడకడానికి మరో ముప్పై, నలభై గ్రాములు. మూడు రోజులకు నాలుగు వందల గ్రాముల పైచిలుకు అవుతుంది. కాబట్టి 230 గ్రాముల డబ్బాలు రెండు సరిపోతాయి గానీ అందులో దుబారాకు చోటు లేదు. గాలి తగిలితే ఈ లెక్కంతా తలకిందులై గ్యాస్ రెట్టింపు తాగుతుంది. అందుకని రేకు అడ్డు తప్పనిసరి. అయితే ఇక్కడ ప్రాణాపాయం ఒకటి పొంచి ఉంది. బర్నర్ నేరుగా డబ్బా నెత్తిన కూర్చునే రకం స్టవ్‌కు రేకును చుట్టూ గుండ్రంగా మూసేస్తే, సెగ లోపలే తిరిగి డబ్బా కాగి పేలవచ్చు. గాలి వచ్చే వైపు ఒక్కటే అడ్డు పెట్టి, మధ్యమధ్యలో డబ్బాను చేత్తో తాకి చూస్తుండాలి. వెచ్చగా తగిలితే వెంటనే అడ్డు తీసేయాలి. గొట్టంతో డబ్బా దూరంగా ఉండే స్టవ్ కాస్త ఖరీదు, కాస్త బరువు. నలుగురి వంటకు, అందునా మూడు లీటర్ల గిన్నె ఒరిగిపోకుండా నిలవడానికి, నేను దానికే మొగ్గుతాను.

స్పిరిట్ స్టవ్ ఒంటరిగా తిరిగేవాడికి ముచ్చటైన వస్తువు. చప్పుడు ఉండదు, చెడిపోవడానికి అందులో ఏమీ ఉండదు. కానీ లీటరు నీళ్లకు 40 మిల్లీలీటర్ల దాకా స్పిరిట్ కావాలి కనుక నలుగురికి మోయలేనంత అవుతుంది. పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు కూడా. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోయబోయి చెయ్యి కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు. మన అమ్మల కాలం నాటి పంపు స్టవ్వుకు చిన్న తమ్ముళ్ల వంటివి ట్రెక్కింగ్‌కూ ఉన్నాయి, మంచు కొండల్లో అవే దిక్కు. పిన్నుతో నాజిల్ పొడవటం, వాషరు మార్చడం తెలియని నలుగురు మూడు రాత్రుల కోసం వాటిని నేర్చుకోనవసరం లేదు.

నిప్పు సంగతికి వస్తే, మీ ఫెర్రో రాడ్ మన చెకుముకి రాయికి దగ్గరి చుట్టమే. సీరియం కలిసిన ఈ లోహాన్ని ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో పేటెంటు చేశాడు, సిగరెట్ లైటరులోని చిన్న రాయి కూడా ఇదే. గీస్తే దాదాపు 3,000 డిగ్రీల రవ్వలు రాలుతాయి, తడిసినా తుడిచి మళ్లీ గీయవచ్చు. ఇవన్నీ నిజమే. కానీ ఆ రవ్వ ఆయుష్షు రెప్పపాటు, దూది లాంటి మెత్తటిదీ పొడిదీ కింద లేకపోతే వంద సార్లు గీసినా మంట రాదు. ఎండిన చితుకుల మీద నేరుగా గీసి, అరగంటలో కడ్డీని సగం చేసి, చివరికి నన్ను లైటర్ అడిగిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. కాబట్టి మొదటి వరసలో పది, ఇరవై రూపాయల లైటర్లు రెండు ఉండాలి, ఇద్దరి చొక్కా జేబుల్లో ఒక్కొక్కటి. చలికి లైటర్ పలకకపోతే గుప్పిట్లో రెండు నిమిషాలు పట్టుకుంటే చాలు. రెండో వరసలో అగ్గిపెట్టెలు. సేఫ్టీ అగ్గిపెట్టెలో ఎర్ర భాస్వరం ఉండేది పుల్ల తలలో కాదు, పెట్టె పక్కనున్న గోధుమ రంగు పట్టీలో. చెమట పట్టిన జేబులో ఆ పట్టీ నాని పోయిందంటే యాభై పుల్లలూ పొడిగా ఉండి కూడా పనికిరావు. నాకిది మహేంద్రగిరి మెట్ట ఎక్కుతుండగా తెలిసివచ్చింది. పుల్లలతో పాటు పట్టీని కూడా కత్తిరించి, బిగుతు మూత ఉన్న మందుల డబ్బాలో వేసుకోండి. ఫెర్రో రాడ్ మూడో వరసలో ఉండనివ్వండి. ఉన్నవాటిలో చవకది కొంటే చాలు.

ఇప్పుడు మీ జాబితాలో అసలు లేనిది, నా లెక్కలో మొదట ఉండవలసినది చెబుతాను. అది పూజ గదిలోని ముద్ద కర్పూరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు, రోజుల తరబడి కరెంటు లేదు, మా పెరట్లో కట్టెల మోపు నీళ్లలో నానిన చెరుకు గడల్లా ఉంది, ఇంట్లో సిలిండర్ ఆ ముందు రోజే అయిపోయింది. కొండ మీద సవర పల్లె నుంచి మా ఇంటికి పనికి వచ్చే పెద్దాయన మోపులోంచి లావుపాటి మొద్దు ఒకటి లాగి, కత్తితో నిలువునా నాలుగు చీలికలు చేశారు. పైన బెరడు చేత్తో పిండితే నీళ్లు కారేలా ఉంది, లోపలి చేవ మాత్రం లేత గోధుమ రంగులో పొడిగా తేలింది. ఆ చేవ నుంచి కత్తి మొనతో సన్నటి పేళ్లు తీశారు. పేళ్లు చుట్టలు తిరిగి పుల్లకే అంటుకుని ఉండాలి గానీ తెగి రాలిపోకూడదని రెండు సార్లు నా చేతిలో కత్తి పెట్టి చూపించారు. కింద చెక్క ముక్క, దాని మీద కర్పూరం బిళ్ల, పైన ఆ పేళ్లు, వాటికి చుట్టూ నిలువుగా ఆనించిన తడి చీలికలు. ఒక్క అగ్గిపుల్ల. కర్పూరం పట్టుకుని రెండు నిమిషాలు నిలిచి మండింది. ఆ రెండు నిమిషాల్లో పేళ్లు, పేళ్ల నుంచి చీలికలు అందుకున్నాయి. ఊదుడు గొట్టం అవసరమే రాలేదు.

కర్పూరం తడిసినా తుడిస్తే అంటుకుంటుంది, గ్రాము బరువు బిళ్ల చాలు, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. దాని తప్పు ఒకటే, గాలికి ఆవిరైపోతుంది. కాగితం పొట్లంలో పెట్టుకుని వెళ్తే కొండ మీద వాసన మాత్రమే మిగులుతుంది. బిగుతు డబ్బాలో పదిహేను బిళ్లలు వేసి, పైన ప్లాస్టిక్ సంచి చుట్టండి. తినే వస్తువులకు దూరంగా పెట్టండి, లేకపోతే అటుకులన్నీ హారతి పళ్లెం వాసన వేస్తాయి. కర్పూరం కడుపులోకి పోతే విషం కూడాను, ముఖ్యంగా చిన్నపిల్లలకు. అడవిలో దొరికే సరుకుల్లో జీలుగు చెట్టు మట్ట మొదట్లో ఉండే దూది లాంటి పీచు రవ్వను అందుకోవడంలో అన్నిటికన్నా మిన్న, మీ ఫెర్రో రాడ్‌కు సరిజోడు. అయితే జీలుగు చెట్టు ఆ కొండల్లో ఎవరో ఒకరి సొత్తు, దాని కల్లు మీద బతికే ఇల్లు ఒకటి ఉంటుంది. అడిగి తీసుకోండి. అంత దూరం ఎందుకనుకుంటే ఇంటి నుంచే గుప్పెడు కొబ్బరి పీచు తెచ్చుకోండి.

మడత కట్టెల పొయ్యిని వాడవలసి వస్తే ఊరివాళ్ల అనుమతితో, ఊరి దగ్గరి మట్టి నేల మీదే వాడండి. మూడు రాళ్ల పొయ్యి పెట్టుకోవాలనిపిస్తే వాగులోంచి తీసిన తడి రాళ్లు వద్దు. లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. గిన్నె అడుగుకు, పక్కలకు పలుచగా తడి మట్టి పూసి పొయ్యి మీద పెడితే మసి ఆ పూతకే పట్టి, కడిగినప్పుడు పొరగా ఊడి వస్తుంది. మా నాయనమ్మ ఈ పని చేయకుండా గిన్నె పొయ్యి ఎక్కించేది కాదు. లేచేటప్పుడు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ నీళ్లు పోసి, మునివేళ్ల వెనక భాగంతో బూడిదను తాకి చూడండి. మట్టి కప్పి వదిలేస్తే లోపల కణిక గంటల తరబడి బతికే ఉంటుంది.

ఏ పొయ్యి అయినా టెంటు లోపల వెలిగించవద్దు. చలిగా ఉందని జిప్పు వేసుకుని టీ కాచుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా మనిషిని పడగొడుతుంది. తాగే నీటిని మాత్రం వాగు ఎంత తేటగా ఉన్నా కాచే తాగండి. 2,000 మీటర్ల లోపు ఎత్తులో బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు. పది నిమిషాలు కాచేవాళ్లు గ్యాస్‌ను గాలికి వదులుతున్నట్టే. రాత్రి పులగం ముప్పాతిక ఉడకగానే పొయ్యి ఆపి, మూత తీయకుండా తువ్వాలు, స్వెటరు చుట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. మిగతాది దానంతటదే ఉడుకుతుంది.

బయలుదేరే ముందు ఆదివారం మీ ఇంటి డాబా మీద నలుగురూ కలిసి, ఇదే స్టవ్, ఇదే గిన్నె, ఇదే పులగం ఒకసారి వండి చూడండి. వంటకు ముందు, తరువాత గ్యాస్ డబ్బాను వంటింటి తక్కెడలో తూచి ఎన్ని గ్రాములు తగ్గిందో రాసుకోండి. పైన నేను వేసిన లెక్క కన్నా మీది బాగా ఎక్కువ వస్తే మూడో డబ్బా కొనండి. ఖాళీ డబ్బాలను కొండ మీద వదలకుండా వెనక్కి తెచ్చి, లోపల గ్యాస్ పూర్తిగా పోయిందని ఆరుబయట స్టవ్‌కు బిగించి వెలిగించి చూసుకున్న తరువాతే పాత ఇనుము వాళ్లకు వేయండి.